ఏడేళ్లుగా వాడుతున్న ఆరడుగుల లేత్: మరల పని దగ్గరే పేచీ

గాజువాక ఆటోనగర్‌లో మాది చిన్న షెడ్డు. ఏడేళ్ల క్రితం మూసేస్తున్న ఒక వర్క్‌షాప్ నుంచి ఈ బెల్టు లేత్ (కడ్డీని తిప్పుతూ టూల్‌తో కోసే మిషన్) కొన్నాను. పోత గట్టిది. టర్నింగ్, ఫేసింగ్, బోరింగ్‌లో ఇప్పటికీ వంక పెట్టలేను. హార్బర్ నుంచి వచ్చే బోటు షాఫ్టులు దీని మీదే లాగిస్తున్నాను. ఉప్పుగాలికి బెడ్డు తెల్లారేసరికి ఎర్రబడుతుంది, రోజూ నూనె గుడ్డ పెట్టాల్సిందే. అది మిషన్ తప్పు కాదు, ఉన్న ఊరిది.

ఏడిపించింది మరల పని, అంటే బోల్టు మీద ఉండే స్క్రూ చుట్లు కోయడం.

మొదటి నెలలోనే ఎం16 స్టడ్లు (16 మి.మీ. లావు, తల లేని మర కడ్డీలు) ఇరవై ఒప్పుకున్నాను. పిచ్, అంటే చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం, 2 మి.మీ. మర శుభ్రంగా తేలింది, పిచ్ గేజ్ కూడా కూర్చుంది. నట్టు మాత్రం మూడు చుట్లు హాయిగా ఎక్కి, నాలుగో చుట్టులో పట్టేసింది. లోతు చాల్లేదనుకుని ఇంకాస్త కోశాను. ఎక్కింది గానీ లొడలొడ. టూల్ మళ్లీ సానపట్టి 60 డిగ్రీలు సరిచూశాను, సెంటర్ ఎత్తు చూశాను. అదే వరస. ఇరవై స్టడ్లూ తుక్కులోకి పోయాయి.

చిత్రమేమిటంటే అంగుళాల మరలు ఏ పేచీ లేకుండా వచ్చేవి. ఆ మాట పక్క షెడ్డు పెద్దాయనతో అంటే, "ఏటి బాబూ, గేరు పళ్లు లెక్కెట్టావా?" అన్నారు.

మర కోసేటప్పుడు టూల్‌ను పక్కకు నడిపేది లీడ్ స్క్రూ అనే పొడుగు మర కడ్డీ, అది గేర్లతో తిరుగుతుంది. దీని లీడ్ స్క్రూ అంగుళానికి నాలుగు చుట్లది, అంటే పిచ్ 6.35 మి.మీ. దాంతో 2 మి.మీ. మర కోయాలంటే స్పిండిల్ (పనిముక్కను తిప్పే ఇరుసు) వైపు 40 పళ్లు, లీడ్ స్క్రూ మీద 127 పళ్లు ఉండాలి. ఆ పెద్ద గేరులో ఒక పన్ను మీద సుద్దగీత పెట్టి రెండుసార్లు లెక్కపెట్టాను. 125! పాత ఓనరు దాని మీద పెయింటుతో 127 అని రాసుకున్నాడు. 127ని ఒకటితో, దానితో తప్ప ఏ అంకెతోనూ భాగించలేం, గేరు పళ్లను సమానంగా పంచే మామూలు డివైడింగ్ హెడ్ ప్లేటు రంధ్రాలకు అందదు. అందుకే దగ్గర్లో ఉన్న అంకె కోయించేసి ఉంటాడు.

పెద్దాయన చూపించిన పరీక్ష ఇప్పటికీ వదల్లేదు. కడ్డీకి మార్కర్ ఇంకు పూసి, టూల్ మొన ఊరికే తాకేలా పెట్టి 50 చుట్లు గీయించాలి. 2 మి.మీ. పిచ్ అయితే 100 మి.మీ. రావాలి. నాకు 101.6 వచ్చింది. పిచ్ గేజ్ నాలుగైదు పళ్ల మీదే కూర్చుంటుంది కాబట్టి, చుట్టుకు 0.032 మి.మీ. తేడా దానికి దొరకదు. స్టీలు స్కేలుకు మాత్రం దొరికిపోతుంది.

సరైన గేరు బయట కోయించాక నట్టు చివరిదాకా వేలితో తిరిగింది. ఆ పూట మా హెల్పర్ దాన్ని పదిసార్లు ఎక్కించి దింపాడు.

మళ్లీ వాడివల్లే ఇంకో తంటా. అంగుళాల మరకు అలవాటుపడి మి.మీ. మర కోసేటప్పుడూ డయల్ (మళ్లీ ఎప్పుడు కలపాలో చూపే చక్రం) చూసి హాఫ్ నట్ (టూల్ బండిని లీడ్ స్క్రూకు కలిపే పట్టు) విప్పేవాడు. ఇంచి లీడ్ స్క్రూ మీద అది పనికిరాదు, రెండో కోత దారి తప్పుతుంది. టూల్ వెనక్కి లాగి, మోటారు రివర్స్ తిప్పి, మొదలుకు ఇంకాస్త ఇవతల దాకా రప్పించాలి, లూజు తీరేలా. మా చక్ (పనిముక్కను పట్టే బిగింపు) మరతో ఎక్కేది, రివర్స్ ఒక్కసారిగా కొడితే ఊడొస్తుంది. అందుకే ఆ పని నిదానంగా చేయిస్తాను.

రెండేళ్లయ్యాక మరల పక్కల్లో మెట్లు పడటం మొదలైంది. డయల్ గేజ్ పెట్టి చూస్తే లీడ్ స్క్రూ అర మి.మీ. దాకా ముందుకూ వెనక్కీ ఆడుతోంది. చివర కాలర్ దగ్గర పల్చటి వాషర్ వేసి నట్లు బిగించాను, అరగంట పని.

చక్ దగ్గర లీడ్ స్క్రూ అరుగుదల మాత్రం అలాగే ఉంది. స్టడ్లు, బోల్టులు దీని మీదే కోస్తాను. ఆ తేడా పొడుగు మరలో బయటపడుతుంది కాబట్టి, పొడుగు జాకీ స్క్రూ ఎవరైనా తెస్తే పక్క షెడ్డుకు పంపేస్తున్నాను.