రాత్రి నడకా, మీటర్లా: క్యాంపస్‌లో కరెంటు వృథా పట్టుకోవడానికి ఏది మేలు?

యూనివర్సిటీల్లో కరెంటు బిల్లు చూసుకునేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: ముందు ఎల్ఈడీలా, సోలారా, బిల్డింగుకో మీటరా? వృథా ఎక్కడుందో తెలియనంతవరకు ఏది కొన్నా గుడ్డిగా కొన్నట్టే. అందుకే నేను వృథాను పట్టుకునే దారులనే పోలుస్తాను. రాత్రిపూట మనుషులే బిల్డింగులన్నీ తిరిగి చూడటం ఒకటి. బిల్డింగుకో మీటరు పెట్టి అరగంటకోసారి రీడింగ్ తీసుకోవడం ఇంకొకటి.

నా దృష్టిలో దీన్ని తేల్చేవి ఎవరూ లేని గంటలు. ఏడాదికి 8,760 గంటలు. ఒక తరగతి గది రోజుకు 8 గంటల చొప్పున 200 రోజులు నడిచినా 1,600 గంటలే. మిగతా 80 శాతం పైచిలుకు సమయం అది ఖాళీ. ఒక కిలోవాట్ గంటసేపు నడిస్తే ఒక యూనిట్. గాలిని బిల్డింగంతా తిప్పే 10 కిలోవాట్ల ఫ్యాను ఆగకుండా తిరిగితే ఏడాదికి 87,600 యూనిట్లు. రోజుకు 10 గంటలే నడిచేలా టైమర్ సరిచేస్తే 51,100 యూనిట్లు మిగులుతాయి. అదే 100 ట్యూబులైట్లు ఎల్ఈడీకి మార్చి ఒక్కోదానికి 25 వాట్లు ఆదా చేస్తే, ఆ 1,600 గంటలకు వచ్చేది 4,000 యూనిట్లు. టైమర్‌లో సమయం మార్చడానికి కొనాల్సిందేమీ లేదు!

మీటరు ఈ ఫ్యాను సంగతి చెబుతుందా? సగమే చెబుతుంది. తెల్లవారుజామున 2 గంటలకు కూడా లోడు (ఆ క్షణంలో వాడుతున్న కరెంటు) తగ్గలేదని గ్రాఫులో కనిపిస్తుంది, ఎందుకో మాత్రం తెలియదు. నడిచి వెళ్తే డక్టులో, అంటే గాలి గొట్టంలో, గాలి హోరు చెవికే వినిపిస్తుంది. కెమిస్ట్రీ ల్యాబుల్లో ఇది ఇంకా ముఖ్యం. ఫ్యూమ్ హుడ్ (రసాయనాల ఆవిర్లను బయటికి లాగేసే, ముందు అద్దం తలుపున్న పెట్టె) అద్దం పైకెత్తి వదిలేస్తే, ఖర్చుపెట్టి చల్లబరిచిన గాలి రాత్రంతా బయటికి పోతూనే ఉంటుంది. ఆ అద్దం తెరిచి ఉందని ఏ కరెంటు మీటరూ చెప్పదు. అక్కడ పనిచేసే విద్యార్థులతో మర్నాడు మాట్లాడితే, ఎందుకు వదిలేశారో కూడా తెలుస్తుంది. చాలాసార్లు కారణం నిర్లక్ష్యం కాదు, దాన్ని మూయాలని ఎవరూ చెప్పకపోవడం.

నడకకూ లోపం ఉంది. అది ఒక్క రాత్రి సంగతే చూపిస్తుంది. సరిచేసిన టైమర్‌ను 2 నెలల తర్వాత ఎవరో మళ్లీ మార్చేస్తే పట్టుకునేది మీటరే. పెద్ద క్యాంపస్‌కు చివరికి బిల్డింగుకో మీటరు ఉండాల్సిందే, దాన్ని నేను కాదనను. కానీ రీడింగులు చూసే మనిషిని పెట్టకుండా మీటర్లు కొంటే ఆ డబ్బు కూడా వృథాయే.

ఎల్ఈడీలు మంచివే, పాతవి పోయినప్పుడల్లా మార్చుకుంటూ వెళ్లొచ్చు. స్విచ్చుల దగ్గర అతికించే స్టిక్కర్ల ప్రభావం కొద్ది రోజులే. సోలార్ కరెంటు తయారుచేస్తుంది తప్ప వృథాను ఆపదు. వృథా తగ్గాక పెడితే చిన్న ప్లాంటు సరిపోతుంది.

కాబట్టి నా ఓటు ముందు నడకకే. సెలవు రాత్రి ఒకటి ఎంచుకోండి, ముందుగా ఎవరికీ చెప్పకండి, ఎలక్ట్రీషియన్‌ను మాత్రం వెంట తీసుకెళ్లండి. బయల్దేరే ముందు మెయిన్ మీటరు దగ్గర లోడు ఎన్ని కిలోవాట్లో రాసుకోండి. ల్యాబుల్లో ఏదీ అక్కడివాళ్లను అడగకుండా ఆపొద్దు, ఫ్రీజర్లలో ఏళ్ల తరబడి దాచిన నమూనాలుంటాయి. మిగతా చోట్ల అనవసరంగా నడుస్తున్నవి ఆపుకుంటూ వచ్చి, తిరిగొచ్చాక లోడు మళ్లీ చూడండి. మొదటి అంకెలోంచి రెండోది తీసేస్తే, ఆ రాత్రి గంటగంటకూ ఎన్ని యూనిట్లు పోతున్నాయో తెలిసిపోతుంది.