కడపలో ఆదివారం ఎకనామిక్స్ బ్యాచ్: క్లాసుకు నాలుగున్నర స్టార్లు, టెస్టు పేపర్లకు ఒకటిన్నర

ఏడు రోడ్ల దగ్గర, మెడికల్ షాపు పైన మేడ మీద నడిచే ఆదివారం బ్యాచ్ గురించి ఇది. సెంటర్ పేరెందుకులే, బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలెవరిని అడిగినా మెట్లు చూపిస్తారు. నేను బ్యాంకులో క్లర్కుని. రిజర్వ్ బ్యాంక్ గ్రేడ్ బి ఆఫీసర్ పరీక్షకు చదువుతూ, ఎకనామిక్స్ ఒక్కటే కొరుకుడు పడక ఇందులో చేరాను. ఫీజు 4,000 రూపాయలు, మెటీరియల్‌కు వేరే. ఏసీ ఉంది గానీ కరెంటు పోతే కిటికీలే దిక్కు. మే నెలలో కడప ఎండ సంగతి కొత్తగా చెప్పేదేముంది.

కట్టిన డబ్బంతా ఒక్క చాప్టర్‌లోనే తిరిగొచ్చింది. విదేశీ మారక నిల్వల పాఠం అది, అంటే దేశం కోసం రిజర్వ్ బ్యాంక్ దగ్గర ఉంచే డాలర్లు, బంగారం లాంటివి. నిల్వలు ఇన్ని, అందులో బంగారం ఇంత, ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి, అదే ఐఎంఎఫ్, దేశాలకు కేటాయించే నిల్వ ఆస్తి) ఇంత, ఇన్ని నెలల దిగుమతులకు సరిపోతాయి, రాసుకోండి అని అరగంటలో ముగించే వీడియోలు నేను చాలానే చూశాను. ఈ సార్ బోర్డు మీద 2024 సెప్టెంబరు 27 నాటి అంకె రాశారు. 70,488 కోట్ల డాలర్లు, మన నిల్వలు అప్పటిదాకా ఎన్నడూ అంత ఎత్తుకు పోలేదు. రాసి, వెనక్కి తిరిగి, "సరే, ఇందులోంచి ఎవరెవరికి మాటిచ్చి ఉన్నామో చెప్పండి" అన్నారు. ఎవరూ నోరు మెదపలేదు.

అక్కణ్ణుంచి మొదలైంది అసలు పాఠం. ఐఎంఎఫ్ 1999లో ఖరారు చేసిన ఒక పట్టిక ఉంది. మన రిజర్వ్ బ్యాంక్ కూడా నెలనెలా దాన్ని నింపి బయటపెడుతుంది. మొదటి భాగంలో చేతిలో ఉన్నవి. రెండో భాగంలో ఏడాదిలోపు ఖాయంగా పోయేవి: అప్పుల అసలు, వడ్డీ, ఫలానా తేదీకి ఫలానా రేటుకు ఇస్తామని ముందే కుదుర్చుకున్న ఫార్వర్డ్ ఒప్పందాల కింద ఇవ్వాల్సిన డాలర్లు. మూడో భాగమే తమాషా, షరతు మీద ఆధారపడే బాకీలవి. ఏదో ఒకటి జరిగితే తప్ప పోనివి, జరిగితే మాత్రం ఆపలేనివి అన్నీ అందులో ఉంటాయి. చీటీ పాడుకున్నవాళ్ళకు షూరిటీ సంతకం పెట్టినవాళ్ళు చేతులెత్తమన్నారు సార్. వెనక బెంచీలో ఇద్దరు ఎత్తారు. "మీ పాస్‌బుక్‌లో ఆ బాకీ కనబడుతుందా?" అంతే, ఇక డెఫినిషన్ బట్టీ పట్టే పని లేకపోయింది.

తర్వాత ఒక్కొక్కటే విప్పారు. ఏడాదిలోపు గడువు తీరే అప్పులకు తాకట్టు పెట్టి ఇచ్చిన హామీలు. గడువు తీరకముందే బాండు వెనక్కిచ్చి డబ్బు అడిగే హక్కున్న బాండ్లు. "ఎప్పుడడిగితే అప్పుడిస్తాం" అని ఇంకొకరికి బేషరతుగా ఒప్పుకుని, వాళ్ళింకా వాడుకోని అప్పు. చివర్న ఆప్షన్లు. కేంద్ర బ్యాంకు ఫలానా రేటుకు డాలర్లు కొనుక్కునే హక్కును ఎవరికైనా అమ్మిందనుకోండి. రూపాయి నిలకడగా ఉన్నన్నాళ్ళూ అవతలివాడు రాడు. ఢామ్మని పడితే మాత్రం పరిగెత్తుకొస్తాడు. అంటే డాలర్లు మనకు బాగా అవసరమైన రోజే ఈ బాకీ లేచి కూర్చుంటుంది. మారకపు రేటు 5 శాతం, 10 శాతం అటూ ఇటూ కదిలితే ఎంత పోతుందో చూపే వరుసలు పట్టికలో అందుకే పెట్టారట. నెలలోపు, మూడు నెలల్లోపు, ఏడాదిలోపు అని మూడు గడులు కూడా ఉంటాయి. ఇక్కడ మాత్రం సార్ కొంచెం గబగబా లాగించారు. ఆప్షన్ కొన్నవాడి హక్కేమిటో, అమ్మినవాడి బాధ్యతేమిటో తెలియని పిల్లలు బిక్కమొహాలు వేశారు.

ఈ పట్టిక ఎందుకు పుట్టిందో చెప్పిన గంట నాకు బాగా నచ్చింది. 1997 జూలై 2న థాయ్‌లాండ్ తన కరెన్సీ బాట్ విలువను మార్కెట్‌కు వదిలేసింది. ఖాతాలో చూస్తే 3,000 కోట్ల డాలర్లకు పైగానే నిల్వలు. కానీ కేంద్ర బ్యాంకు ఫార్వర్డ్ ఒప్పందాల్లో 2,300 కోట్లకు పైగా బాకీ పడి ఉందని ఆగస్టులో గానీ లోకానికి తెలియలేదు. అదే ఏడాది దక్షిణ కొరియాది ఇంకో రకం. నిల్వల్లో చాలా భాగం తమ బ్యాంకుల విదేశీ శాఖల్లోనే డిపాజిట్ చేసి ఉంది, కావాల్సినప్పుడు తీసే వీల్లేదు. డిసెంబరుకల్లా అప్పు కోసం ఐఎంఎఫ్ గడప తొక్కారు. ఏడాదిలోపు తీర్చాల్సిన విదేశీ అప్పుకు తగ్గకుండా నిల్వలుండాలన్న గ్విడోటి, గ్రీన్‌స్పాన్ అనే ఆర్థికవేత్తల సూత్రం కూడా చెప్పి, అది కనీస హద్దే, మూడో భాగం బరువు దాంట్లో రాదు అని సార్ గట్టిగా అన్నారు. ఆ ముక్క వేరే ఏ నోట్సులోనూ నాకు దొరకలేదు.

మా నాన్న కువైట్‌లో డ్రైవరు. అందుకే 1990 ఆగస్టు కథ వచ్చేసరికి నేను వదల్లేదు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది, చమురు ధర ఎగిరింది, అక్కడి నుంచి లక్షా డెబ్భై వేల మందిని విమానాల్లో తెచ్చారు. మన జిల్లా వాళ్ళూ అందులో ఉన్నారు. ప్రవాసుల డిపాజిట్లు వెనక్కి పోవడం మొదలైంది. డాలర్ల కరువొచ్చి 1991లో బంగారాన్ని తాకట్టుకు విదేశాలకు తరలించిన సంగతి అందరికీ తెలిసిందే. నాకు తెలియనిది ఇంకొకటి: పాత ఎఫ్‌సీఎన్‌ఆర్ ఎ డిపాజిట్లలో (ప్రవాసులు విదేశీ కరెన్సీలోనే వేసుకునేవి) డాలర్ ధర పెరిగితే వచ్చే నష్టం బ్యాంకుది కాదు, రిజర్వ్ బ్యాంక్ భరించేది. డిపాజిట్ తెచ్చిన రోజు పైసా ఖర్చు లేని హామీ, 1991 జూలైలో రూపాయి విలువ తగ్గించాక బరువైపోయింది. 1993లో వచ్చిన ఎఫ్‌సీఎన్‌ఆర్ బి అనే కొత్త స్కీములో ఆ రిస్కు బ్యాంకులకు మారింది, మరుసటి ఏడాది పాతది ఆపేశారు. నేను కౌంటర్లో రోజూ చూసే ఎఫ్‌సీఎన్‌ఆర్ బి డిపాజిట్ల వెనక ఇంత కథ ఉందని మా బ్రాంచిలో ఎవరూ చెప్పలేదు. ఒక్కటి మాత్రం సార్ మీద ఫిర్యాదు. ఆ రోజుల్లో కేంద్ర ఆర్థిక శాఖలో విదేశీ చెల్లింపుల వ్యవహారం చూసి, తర్వాత 2003 నుంచి 2008 దాకా రిజర్వ్ బ్యాంక్ గవర్నర్‌గా ఉన్న వై.వి.రెడ్డి గారు మన జిల్లా మనిషే. కడపలో కూర్చుని ఈ పాఠం చెప్తూ ఆయన పేరే ఎత్తకపోతే ఎట్లా?

ఇక ప్రింటెడ్ మెటీరియల్. జెరాక్సు మీద జెరాక్సు, అంకెలు అలికేసినట్టున్నాయి. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. రిజర్వ్ బ్యాంక్ ఫార్వర్డ్ అమ్మకాల బాకీ 2025 ఫిబ్రవరి చివరికి 8,800 కోట్ల డాలర్లు దాటింది. దాన్ని మూడో భాగం కింద వేశారు. అది షరతు మీద ఆధారపడేది కాదు, తేదీ రాసిపెట్టుకున్న బాకీ. రెండో భాగంలోకి రావాలి. సార్ క్లాసులో సరిగ్గానే చెప్పారు, అచ్చువేసినవాళ్ళే కలిపేశారు.

టెస్టు పేపర్లయితే మరీ ఘోరం. ఇంత పాఠం విన్నాక వచ్చిన ప్రశ్న: మన నిల్వల గరిష్ఠ స్థాయి ఎంత, ఏ వారంలో? మూడో భాగం మీద ఒక్క ప్రశ్న లేదు. అడిగితే పేపరు వేరేవాళ్ళు తయారుచేస్తారని ఆఫీసు అబ్బాయి చెప్పాడు. టెస్టు సిరీస్‌కు విడిగా 1,200 అడుగుతారు, కట్టకండి.

గ్రేడ్ బి రాసేవాళ్ళు, బ్యాంకులో ఎన్నారై కౌంటర్లో పనిచేసేవాళ్ళు తప్పకుండా చేరొచ్చు. క్లర్కు పరీక్షకైతే ఇంత లోతు అక్కర్లేదు. చేరాలనుకుంటే ఈ చాప్టర్ ఏ ఆదివారం వస్తుందో ముందే ఫోన్ చేసి కనుక్కుని, ఆ రోజు డెమోకు కూర్చోండి. డెమోకు డబ్బు తీసుకోరు. పదింటికల్లా వెళ్తే బోర్డు కనబడే బెంచీ దొరుకుతుంది.