నగల పనికి సీఎన్‌సీ మిల్లింగ్ మిషన్ కొంటున్నారా? ఆ ఉంగరం వీడియో చూసి మాత్రం డబ్బు కట్టకండి

కంప్యూటర్ చెప్పినట్టు మైనం కోసే ఈ మిషన్ నాకు అమ్మినవాడి పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. పచ్చ మైనం గిరగిరా తిరుగుతుంటే సన్నటి టూలు నెమలి డిజైన్ చెక్కేస్తున్న వీడియో మన వాట్సాప్ గ్రూపులన్నిట్లో రోజూ వస్తుంది చూడండి, అతనే. అది చూసే నేనూ పడ్డాను. మొత్తం 3,40,000. చేతులు కాలాయి, ఇప్పుడు ఆకులు పట్టుకుని ఇది రాస్తున్నా.

మాది ప్రొద్దుటూరు. నేను, మా తమ్ముడు, ఇద్దరు కుర్రాళ్ళు, పని ఇంట్లోనే. మా పెద్దోడు కంప్యూటర్లో రైనో అనే సాఫ్ట్‌వేర్‌తో డిజైన్లు గీస్తాడు. మైనం పీసులు బయట కట్ చేయించి, వాటి అచ్చుతో బంగారం పోత పోయడానికి కాస్టింగ్‌కి ఇచ్చేవాళ్ళం. పెళ్ళిళ్ళ సీజన్ వస్తే వాళ్ళ చుట్టూ వారం తిరగాలి. మనమే ఒక మిషన్ పెట్టుకుంటే పోలా అన్నాడు వాడు. సరే అన్నాను.

హైదరాబాద్ వెళ్ళి డెమో చూశాం. ఏం చూశారని అడగండి. ఏసీ గది, టీ, బిస్కెట్లు. టూలుని తిప్పే స్పిండిల్ నిమిషానికి 24,000 చుట్లు తిరిగింది, టేబుల్ అటూ ఇటూ కదిలింది, అంతా గాల్లోనే. కోసిన పీసు చూపించమంటే డ్రాయర్లోంచి ఒక ఉంగరం తీసి అరచేతిలో పెట్టాడు. ఎంత నున్నగా ఉందో! ఇది ఈ మిషన్ మీద కోసిందేనా అని నోరు తెరిచి అడగలేదు. అర గ్రాము బంగారమైనా గీటురాయి మీద గీయకుండా తీసుకోనివాణ్ణి, మూడు లక్షల ఇనుముని మాట మీద తీసుకున్నా.

మిషన్ వచ్చింది. లాకెట్లు ఫర్వాలేదు. ఉంగరం పెట్టాక బాగోతం బయటపడింది. మైనాన్ని గుండ్రంగా తిప్పే నాలుగో యాక్సిస్ మీద ఒక చుట్టు తిరిగి మొదలైన చోటికి వచ్చేసరికి గీతకి గీత కలవలేదు. మధ్యలో మెట్టు, గోరు పెడితే తగులుతోంది. రాయిని పట్టే ప్రాంగులు నాలుగింటిలో రెండు విరిగి పొట్టులో కలిసిపోయాయి. మిగిలినవి 0.9 ఎంఎం ఉండాల్సింది 0.7 ఉన్నాయి.

డిజైన్ సరిగ్గా గీయలేదని మూడు రోజులు పెద్దోణ్ణి తిట్టాను. పాపం వాడేం మాట్లాడలేదు. లేత్ పని చేసే మా వీధి అబ్బాయి సన్నటి తేడాల్ని ముల్లుతో చూపించే డయల్ గేజ్ తెచ్చి, టూలుని బిగించే కోలెట్ కిందే టూలుకి ఆనించి స్పిండిల్ని చేత్తో మెల్లగా తిప్పాడు. ముల్లు 8 గీతలు ఊగింది. టూలు ఇలా పక్కకి ఊగడాన్నే రనౌట్ అంటారు. ఒక్కో గీత 0.01 ఎంఎం. మన టూలు మొనే 0.2! అంటే 0.2 కోయాల్సింది 0.28 కోస్తోంది. ప్రాంగ్‌కి చుట్టూ కొరుక్కుంటూ పోతోందన్నమాట. టేబుల్ కింద రేకు విప్పాం. కొటేషన్‌లో మూడు యాక్సిస్‌లకూ (మూడు వైపుల కదలికలకీ) బాల్ స్క్రూ, అంటే లోపల గోళీల మీద వదులు లేకుండా నడిచే స్క్రూ, అని రాసి ఉంది. వై యాక్సిస్‌కి ఉన్నది మామూలు మరల రాడ్డు, ఇత్తడి నట్టు. ఇత్తడిని గుర్తుపట్టడానికి నాకు మెకానిక్ అక్కర్లేదు కదా.

పంతొమ్మిది రోజులు ఫోన్లు చేస్తే ఒక సర్వీస్ కుర్రాడు వచ్చాడు. మంచివాడే. గేజ్ చూశాడు, నట్టు చూశాడు, తల వంచుకుని ఓనర్‌కి ఫోన్ చేశాడు. చేతులకి గ్రీజు, అందుకని స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచాడు.

“సార్, రనౌట్ ఎనిమిది పాయింట్లు ఉంది.”

అటు నుంచి నవ్వు. “మైనానికి ఎనిమిదైతే ఏంటి, ఎనభైయైతే ఏంట్రా? ఆ ముసలాయనకి అంత నున్నగా కావాలంటే కొవ్వొత్తి కొనుక్కుని చేత్తో చెక్కుకోమను. సుత్తీ పటకారూ పట్టుకునేవాళ్ళకి సీఎన్‌సీ అమ్మాను చూడు, నాదీ తప్పు.”

మా తమ్ముడు కుంపటి దగ్గర్నుంచి లేచాడు. వాణ్ణి కూర్చోబెట్టి, “బాబూ, నేను వింటున్నా” అన్నాను. టక్కున ఫోన్ కట్. మళ్ళీ ఎత్తలేదు. అంతకు నెల ముందు ఇదే గొంతు, “పెద్దాయనా, మీలాంటి చెయ్యి తిరిగినవాళ్ళ దగ్గర మా మిషన్ ఉండటం మాకు గౌరవం” అంది. బ్యాలెన్స్ డబ్బు పడేదాకానే ఆ గౌరవం.

నా తెలివి కూడా చెప్పాలి. 18 శాతం జీఎస్టీ కొంత మిగులుతుందని సగానికే బిల్లు తీసుకున్నా. ఆ బిల్లులోనూ ‘రౌటర్’ (చెక్క చెక్కే మిషన్) అని ఒక్క ముక్క. నగల ఊసు లేదు, బాల్ స్క్రూ ఊసు లేదు. సాఫ్ట్‌వేర్ ఫ్రీ అన్నాడు, చూస్తే దొంగ కాపీ, డిజైన్ని మిషన్ కోసే దారిగా మార్చే ఆర్ట్‌కామ్. దాని కంపెనీ ఆటోడెస్క్ దాన్ని 2018లోనే ఆపేసింది, ఫ్రీ కాక ఏం చేస్తాడు! లాయర్‌ని కలిస్తే, వ్యాపారానికి కొన్నదైతే వినియోగదారుల కమిషన్ వినదు, నా చేతులతో నేను బతకడానికి కొనుక్కున్నానని చూపించాలి అన్నాడు. ఆ కాగితాలే పోగేస్తున్నా.

కొనేవాళ్ళు మీ ఫైలు, మీ మైనం పట్టుకెళ్ళి మీ కళ్ళ ముందు ఉంగరం కోయించండి, లాకెట్ కాదు. డయల్ గేజ్ దొరక్కపోతే లేత్ వాళ్ళని అడిగి తీసుకెళ్ళండి. నాలుగో యాక్సిస్ మీద మైనాన్ని పట్టే చక్‌ని చేత్తో పట్టి ఊపితే కటకటమనకూడదు. కొటేషన్‌లో రాసిందంతా బిల్లులో ఉండాలి, పూర్తి రేటుకి.

గేజ్ ముల్లు ఊగే వీడియో నా దగ్గరుంది, అడిగితే పంపిస్తా. పొద్దున గ్రూపులో అతను మళ్ళీ అదే నెమలి ఉంగరం పెట్టాడు. కింద నలుగురు రేటెంత అని అడుగుతున్నారు.