కర్నూలులో కృత్రిమ కాలు కొనబోయేవారికి హెచ్చరిక: ‘నెలలో నడిపిస్తాం’ అనే మాటను నమ్మి డబ్బు కట్టకండి

షుగరు పుండు మానకపోవడంతో మా నాన్నగారికి మోకాలి కింద కాలు తొలగించారు. కుట్లు మానిన కొద్ది రోజులకే కర్నూలులోని ఒక ప్రైవేటు కేంద్రం వారు కొలతలు తీసుకొని, ఇదే శాశ్వతమైన కాలు అనీ, నెల తిరగకుండా పొలానికి నడిచి వెళ్తారనీ చెప్పి, డబ్బంతా ముందే కట్టించుకున్నారు.

ఆ హామీ నిలిచేది కాదు. శస్త్రచికిత్స తరువాత మిగిలిన భాగంలో వాపు తీస్తూ, కండ సన్నబడుతూ, చాలామందికి ఏడాది వరకు ఆకారం మారుతూనే ఉంటుంది. అందుకే పని తెలిసినవారు ముందు ఒత్తిడి కట్టు కట్టించి, తాత్కాలిక కాలుతో నడక నేర్పి, ఆకారం కుదురుకున్నాకే శాశ్వత సాకెట్ (మిగిలిన కాలు ఇమిడే గిన్నెలాంటి భాగం) తయారుచేస్తారు. మాకు వీటిలో ఒక్కటీ జరగలేదు. కొన్నాళ్లకే సాకెట్ వదులై, ఎముక తగిలేచోట చర్మం ఒరుసుకుపోయింది. షుగరు వల్ల అక్కడ స్పర్శ తగ్గింది కనుక ఆయనకు తెలియనే లేదు; పంచెకు అంటిన రక్తం చూసి అమ్మ గుర్తుపట్టింది.

అంతకంటే పెద్ద హాని ఆ తరువాత జరిగింది. సాకెట్ సరిచేయమని వెళితే, ‘కాలు బాగానే ఉంది, ఆయనకే పట్టుదల లేదు, మిగతావాళ్లంతా నడవడం లేదా’ అని ఆయన ఎదుటే అన్నారు. పత్తికొండ టమాటా మార్కెట్లో పదిమందికి ధర మాట్లాడిపెట్టిన మనిషి ఆ మాటతో ముడుచుకుపోయారు. పెళ్లిళ్లకు రానన్నారు, పలకరించడానికి ఎవరొచ్చినా కాళ్లమీదికి దుప్పటి లాక్కున్నారు. లేని పాదం మండుతోందని చెబితే పిచ్చి అనుకుంటారేమోనని అదీ దాచారు. అది నరాలకూ మెదడుకూ సంబంధించిన నిజమైన నొప్పేననీ, దానికి అద్దంతో చేయించే వ్యాయామం కూడా ఉందనీ ప్రభుత్వాసుపత్రి ఫిజియోథెరపిస్టు చెప్పేదాకా నోరు విప్పలేదు. అవయవం పోయినవారికి దుఃఖం, సిగ్గు, కోపం రావడం సహజం. వాటిని సాకుగా చూపి తమ సాకెట్ లోపాన్ని కప్పిపుచ్చుకోవడం నా దృష్టిలో క్రూరత్వమే.

కాబట్టి కొలతలు తీసుకునే వ్యక్తికి, ఈ పని చేసే నిపుణులను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉందో లేదో ముందే అడగండి. సాకెట్ మార్పులు ఎంతకాలం ఉచితమో, నడక శిక్షణ ఎవరిస్తారో కాగితం మీద రాయించుకోండి. మాకు ఇచ్చింది కట్టిన డబ్బెంతో మాత్రమే రాసిన తెల్లకాగితం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే రుసుము ఉండదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

అప్పు చేసి కొనేవారు, వికలాంగులకు ఉపకరణాలిచ్చే కేంద్రప్రభుత్వ అడిప్ పథకం కింద జరిగే శిబిరాల గురించి జిల్లా వికలాంగుల సంక్షేమ కార్యాలయంలో ముందు విచారించండి. ఇంట్లో మనిషి మాట తగ్గించి, తిండి మానేస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చేమీ లేదు. ఇలాంటి చోట ఇప్పటికే డబ్బు కట్టినవారు ఆ చీటీలను, ఫోన్ సందేశాలను, పుండ్ల ఫొటోలను తేదీలతో సహా భద్రపరచండి. ఫిర్యాదులో అవే ఆధారాలవుతాయి.