మోచేతి ఫిస్టులా: ఏళ్ల తరబడి వాడాక నా మాట

కిడ్నీలు పాడై డయాలసిస్ చేయించుకునేవాళ్ల రక్తం మెషీన్‌కి వెళ్లడానికి మెడలో పెట్టే గొట్టం పర్మ్‌క్యాత్‌కీ, అదే పనికి చేతిలో రక్తనాళాలు కలిపి చేసే ఫిస్టులాకీ పోలికే లేదు. పర్మ్‌క్యాత్ ఉన్నన్నాళ్లూ తలస్నానానికి భయం, మెషీన్ ఎక్కిన గంటకి చలిజ్వరం పట్టుకుంటుందేమోనని ఇంకో భయం. ఫిస్టులా అందాక ఆ రెండూ పోయాయి. అయితే ఆపరేషన్‌తో పనైపోయింది అనుకునేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మొదట మణికట్టు దగ్గర వేశారు. ధమనికి సిరని కలిపి కుట్టడమే అసలు పని. 1966లో అమెరికాలో బ్రెషియా, చిమినో బృందం ప్రకటించిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. ధమని ఒత్తిడికి సిర ఉబ్బి, గోడ మందమైతేనే సూదికి అందుతుంది. డాక్టర్లు దీనికి ఆరు లెక్క చెబుతారు: ఆరు వారాలకల్లా వెడల్పు 6 మిల్లీమీటర్లు ఉండాలి, చర్మం కింద లోతు 6 మిల్లీమీటర్లు మించకూడదు, నిమిషానికి 600 మిల్లీలీటర్ల రక్తం పారాలి. నాది ఎన్నాళ్లు బంతి పిసికినా ఎదగలేదు. అంతకుముందు ఆ చేతికే ఎన్నో సెలైన్లు ఎక్కాయి మరి. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరుగుతోందని, అంటే కిడ్నీలు దెబ్బతింటున్నాయని తెలిసిన రోజు నుంచే ఎడమ ముంజేతిని ఎవరికీ ఇవ్వకండి. రక్తం తియ్యాలంటే అరచేతి వెనకవైపు తియ్యమనండి.

రెండోసారి మోచేతి దగ్గర వేసింది నిలబడింది. పొద్దున్నే లేచి దాని మీద వేళ్లు పెడితే వైబ్రేషన్‌లో పెట్టిన ఫోన్ పట్టుకున్నట్టు ఉంటుంది. దాన్నే థ్రిల్ అంటారు. పడుకునే ముందు మళ్లీ చూసుకుంటాను. గాజులు కుడిచేతికే. బీపీ పట్టీ కూడా అటే. చీరల కొట్టులో అమ్మాయి "చేతికి ఏమైందండీ" అని అడిగితే చెప్పీ చెప్పీ విసుగొచ్చి, పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకున్నాను.

మెషీన్ మీద మూడో గంటకి ఆ చేతివేళ్లు చల్లబడి, లాగినట్టు నొప్పి పుట్టేది. చేతికి రావాల్సిన రక్తం ఫిస్టులాలోకి దారి మళ్లితే ఇలా అవుతుంది. మోచేతి ఫిస్టులాలకీ షుగర్ ఉన్నవాళ్లకీ ఈ బాధ ఎక్కువ. నాకు తక్కువగానే ఉందని డాక్టరుగారు చూసి వదిలేశారు, ఉన్ని తొడుగుతో నెట్టుకొస్తున్నాను. వేలి కొసలు నల్లబడినా, పుండు పడినా మాత్రం తొడుగుతో సరిపెట్టుకునే వ్యవహారం కాదు.

నా అసలు ఫిర్యాదు సూది గురించి. నేను వెళ్లిన ఒక సెంటర్‌లో టెక్నీషియన్లు ఎప్పుడూ అవే రెండు చోట్ల గుచ్చేవారు. "అక్కడైతే నొప్పి తెలీదమ్మా" అనేవారు. నిజమే, గుచ్చీ గుచ్చీ ఆ చర్మం మొద్దుబారిపోతుంది, సూది సులువుగా దిగుతుంది, వాళ్లకీ తొందరగా పనైపోతుంది. కానీ అక్కడే గోడ బలహీనపడి బుడిపెలు లేచాయి. సెంటర్ మారాక ఇప్పుడున్న సిస్టర్ మెట్లెక్కినట్టు ప్రతిసారీ కాస్త పైకి జరుపుతూ గుచ్చుతుంది. కొత్తచోట నొప్పి ఉంటుంది, ఓర్చుకోవాలి. బుడిపె మీద చర్మం పల్చబడి మెరుస్తున్నా, ఊడని పెచ్చు కట్టినా అక్కడ సూది పెట్టనివ్వకండి, అదే రోజు సర్జన్‌కి చూపించండి.

బుడిపెల తర్వాత వచ్చింది సిర సన్నబడటం. ఉన్నట్టుండి రాలేదు, కబురు పెట్టే వచ్చింది. మెషీన్ నుంచి రక్తం ఒంట్లోకి తిరిగొచ్చే దారిలో ఒత్తిడి పెరిగితే మోగే వీనస్ ప్రెషర్ అలారం మాటిమాటికీ మోగేది. సూదులు తీశాక పది నిమిషాల్లో ఆగే రక్తం అరగంట నొక్కిపెట్టినా ఊరేది. చెయ్యి పైకెత్తితే ఫిస్టులా చప్పబడాలి, నాది బిగుసుకునే ఉండేది. రక్తం పారడాన్ని చూసే డాప్లర్ స్కాన్‌లో భుజం దగ్గర సిర తిరిగే మలుపున ఇరుకైందని తేలితే, దాన్ని లోపలి నుంచి వెడల్పు చెయ్యడానికి బెలూన్ వేశారు. అది ఉబ్బించే కాసేపు ప్రాణం పోయినంత పనైంది గానీ, తర్వాతి డయాలసిస్‌కే ప్రెషర్ దిగింది. ఖర్చు మేమే పెట్టుకున్నాం. శాశ్వతమని ఎవరూ మాటివ్వలేదు. కొన్ని నెలలకి మళ్లీ వేయించుకున్నాను.

ఫిస్టులాలో రక్తం గడ్డకడుతుందేమోనని క్లాట్ భయం ఎప్పుడూ ఉండేదే. ఒకసారి విరేచనాలతో బీపీ బాగా పడిపోయి, తెల్లారేసరికి థ్రిల్ లేదు. మర్నాటి డయాలసిస్ దాకా ఆగుదామని మావారు అన్నారు, నేను వినలేదు. ఆలస్యమయ్యేకొద్దీ గడ్డ గట్టిపడి, తియ్యడం కష్టమవుతుంది. వెంటనే వెళ్లాం కాబట్టి ఫిస్టులా దక్కింది. రెండు డయాలసిస్‌ల మధ్య నీళ్లు ఎక్కువ తాగేసి, మెషీన్ మీద ఒక్కసారే నాలుగైదు కిలోల నీరు తీయించుకున్నా బీపీ పడి ఇదే జరగొచ్చు.

కొత్తగా వేయించుకుంటున్నవాళ్లకి ఫిస్టులానే మేలని చెబుతాను, సిరలు బాగుండి, గుండె తట్టుకోగలదని డాక్టర్ అంటే. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి ఇంత రక్తం అడ్డదారిన తిరగడం భారమవుతుంది. మెషీన్ ఎక్కేముందు చెయ్యి సబ్బుతో కడుక్కోండి. ఇంట్లో రక్తం చిమ్మితే తువ్వాళ్ల మీద తువ్వాళ్లు చుట్టకుండా, కారేచోటే శుభ్రమైన గుడ్డతో వేలు పెట్టి గట్టిగా నొక్కి, చెయ్యి పైకెత్తి, 108కి ఫోన్ చేయించండి. ఈ సంగతి ఇంట్లో పిల్లలక్కూడా చెప్పి ఉంచాను.