చీమకుర్తి గ్రానైట్ కార్యాలయంలో లినక్స్ మింట్

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని పాత కంప్యూటర్లకు విండోస్ 11 అధికారికంగా ఎక్కదు కనుక, చీమకుర్తిలోని మా గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఆఫీసులో వాటిని పారేయకుండా లినక్స్ మింట్ 22 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేయించాము. లైసెన్సు రుసుము లేదు. భద్రతా సవరణలు 2029 వరకు అందుతాయి. మెనూ ఎడమ మూలనే ఉండటంతో గుమాస్తాలు పెద్దగా తడబడలేదు.

చిక్కంతా లెక్కల దగ్గరే వచ్చింది. మేం లెక్కలు రాసే ట్యాలీ ప్రైమ్ సాఫ్ట్‌వేర్ విండోస్ కోసం తయారైనది. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో తెరిచే వైన్ ద్వారా నడపవచ్చని చెప్పేవారున్నా, జీఎస్టీ రిటర్నుల గడువు ముంచుకొచ్చే వేళ అలాంటి సాహసం చేయమని నేనెవరికీ చెప్పను. అందుకే అకౌంటెంటు కంప్యూటరును విండోస్ 11లోనే ఉంచాము. ఒంగోలు డీటీపీ షాపుల నుంచి అను అనే పాత తరహా (యూనికోడ్ కాని) తెలుగు ఫాంట్లలో వచ్చే ఫైళ్లను మింట్‌లో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి (ఫాంటు లేకపోతే విండోస్‌లోనూ అంతే, అది వేరే సంగతి). ఎక్సెల్ లాంటి లిబ్రే ఆఫీస్ కాల్క్‌లో స్లాబుల కొలతలు, చదరపు అడుగుల మొత్తాలు సరిగ్గానే వచ్చాయి గానీ, పాత ఎక్సెల్ మాక్రోలు (పనులను వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములు) కొన్ని మొరాయించాయి. ఈ-వే బిల్లులు, మెయిళ్లు బ్రౌజరులోనే నడుస్తాయి కాబట్టి, ఆ పనులు చేసే బల్లలన్నింటికీ నా ఓటు మింట్‌కే.