డయ్యూలో నాలుగు రాత్రులు

సోమనాథ్ వెళ్ళే మన తెలుగువాళ్ళు చాలామంది డయ్యూకు ఒక పూట కేటాయిస్తారు. ఉదయం బయలుదేరిన టూరు బస్సు కోట, చర్చి, గుహలు, గంగేశ్వర్, నాగోవా బీచి అన్నీ చూపించి చీకటి పడేలోగా తిరిగి సోమనాథ్ చేరుస్తుంది. పదకొండేళ్ళ క్రితం మేమూ అలాగే చూశాం. ఆ రోజుది నాకు గుర్తున్నదల్లా మిట్టమధ్యాహ్నపు ఎండ, బస్సు దగ్గర తొందర. ఈ జనవరిలో మావారూ నేనూ మళ్ళీ వెళ్ళి నాలుగు రాత్రులు ఉన్నాం. ఈసారి ఊరు కనిపించింది.

సౌరాష్ట్ర తీరానికి ఆనుకుని, సన్నటి పాయ ఒకటి అడ్డంగా ఉండటం వల్ల దీవి అయిన ఊరిది. ఈ కొస నుంచి ఆ కొసకు పది పన్నెండు కిలోమీటర్లు. అక్కడివాళ్ళు ‘దీవ్’ అంటారు. మన ‘దీవి’, వాళ్ళ ‘దీవ్’ రెండూ ‘ద్వీపం’ నుంచి వచ్చినవే. సికింద్రాబాద్ నుంచి రాజ్‌కోట్‌కు రైలు, అక్కడి నుంచి వేరావల్‌కు మరో రైలు, సోమనాథ్‌లో దర్శనం, తర్వాత బస్సులో ఉనా, ఉనా నుంచి ఆటో. ప్రయాణం పొడుగే. అరవై దాటినవాళ్ళు మధ్యలో సోమనాథ్‌లో ఒక రాత్రి ఆగడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

మేము చేసిన పొరపాటు శనివారం చేరుకోవడం. గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది, కేంద్రపాలిత ప్రాంతమైన డయ్యూలో లేదు. కాబట్టి వారాంతంలో రాజ్‌కోట్, అహ్మదాబాద్‌ల నుంచి కార్లు బారులు తీరుతాయి. నాగోవా బీచి ఎదురుగా ఒక హోటల్లో ముందుగానే గది తీసుకున్నాం. శనివారం కాబట్టి మూడువేల రెండువందలు. సోమవారం నుంచి అదే గది పంతొమ్మిది వందలని గోడమీదే రాసి ఉంది. ధర సంగతి అలా ఉంచితే, అర్ధరాత్రి దాటేదాకా కింద పాటల హోరు. వేడినీళ్ళు ఉదయం ఆరింటికి వస్తాయన్నారు, తొమ్మిదయినా రాలేదు. బుకింగులో కలిపి ఉన్న టిఫినుకు విడిగా బిల్లు వేశారు. కాగితం చూపించి అడిగితే తగ్గించారు గానీ, రెండో రాత్రికి కట్టిన డబ్బు మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఆదివారం మధ్యాహ్నానికి పెట్టెలు సర్దుకుని పాత ఊళ్ళోకి వచ్చేశాం.

డయ్యూ వెళ్ళేవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే: ఉండటం ఊళ్ళో ఉండండి, బీచికి కావలసినప్పుడు వెళ్ళి రండి. ఆదివారం సాయంత్రం నుంచి శుక్రవారం ఉదయం దాకా అయితే మరీ మంచిది.

పాత ఊళ్ళో మాకు దొరికింది పోర్చుగీసువాళ్ళ కాలం నాటి ఇల్లు. పైఅంతస్తులో మూడు గదులు అద్దెకిస్తారు, రాత్రికి పద్నాలుగు వందలు. ఎత్తయిన కప్పు, మనిషంత చెక్క కిటికీలు, డాబా ఎక్కితే సముద్రం. ఏసీ లేదు, జనవరిలో అవసరమూ లేదు. వేడినీళ్ళు అడిగిన వేళకు బకెట్టుతో పైకి వచ్చేవి. మెట్లు మాత్రం నిలువుగా, ఇరుగ్గా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఈ ఇల్లు సరిపడదు, కింది గది ఉన్న చోటే చూసుకోవాలి.

ఇంటావిడను వీధంతా ‘బెన్’ అంటుంది, అంటే గుజరాతీలో అక్క అని, మేమూ అలాగే పిలిచాం. ఆ వీధిలో మూడిళ్ళకు ఒక ఇంటికి తాళం. కొన్నింటికి కొత్త రంగులు, కొత్త గ్రిల్లులు కూడా ఉన్నాయి, మనుషులే లేరు. డయ్యూ 1535 నుంచి 1961 డిసెంబరులో మన సైన్యం విడిపించేదాకా పోర్చుగల్ చేతిలో ఉంది. ఆ పాలనలో పుట్టినవాళ్ళకూ వాళ్ళ పిల్లలకూ పోర్చుగీసు పౌరసత్వం తీసుకునే హక్కు ఉండటంతో, ఆ పాస్‌పోర్టుతో ఎన్నో కుటుంబాలు ఇంగ్లండు వెళ్ళిపోయాయి. బెన్ మరిది కుటుంబం లెస్టర్‌లో ఉందట. వాళ్ళ తాళంచేతులు ఈవిడ దగ్గరే ఉంటాయి. నెలకోసారి తలుపులు తీసి, ఊడ్చి, దేవుడి గదిలో దీపం పెట్టి వస్తుంది. ఆ నెల దీపం పెట్టే రోజు మేమున్నప్పుడే వచ్చింది. నన్నూ తీసుకెళ్ళింది. బట్ట కప్పిన సోఫాలు, గోడమీద పెళ్ళి ఫొటోలు, వంటింట్లో బోర్లించిన గిన్నెలు. విదేశాల్లో పిల్లలున్న మన ఊళ్ళ ఇళ్ళు ఎలా ఉంటాయో అచ్చం అలాగే ఉంది.

కోటకు తలుపులు తెరిచే వేళకే వెళ్ళండి. లోపల నీడ లేదు, తాగునీళ్ళు దొరకవు, పదకొండు దాటితే రాయి కాలిపోతుంది. మేము ఉదయం ఎనిమిదింటికి వెళితే మాతోపాటు కోటలో ఉన్నవి చిలకలే. మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు కందకం. హుమాయూన్‌కు భయపడి పోర్చుగీసువాళ్ళతో చేయి కలిపిన గుజరాత్ సుల్తాను బహదూర్ షా ఈ కోట కట్టుకోనిచ్చాడు. రెండేళ్ళు తిరక్కుండానే, 1537లో, వాళ్ళ ఓడకు చర్చలకు వెళ్ళి ఇదే నీళ్ళలో ప్రాణం పోగొట్టుకున్నాడు. బురుజు మీద తుప్పుపట్టిన ఫిరంగి పక్కన కూర్చుని చూస్తే, పాయ మొగలో ఓడ ఆకారంలో ఉన్న చిన్న నీటికోట కనిపిస్తుంది. పేరు పానీకోఠా, ఒకప్పటి జైలు. ఇంత చిన్న దీవి కోసం 1538లోనూ 1546లోనూ అంతంత ముట్టడులు ఎందుకు జరిగాయో ఆ బురుజు మీద కూర్చుంటే అర్థమవుతుంది. గుజరాత్ రేవులకు వచ్చే పోయే ఓడలన్నీ కళ్ళముందే.

నైడా గుహలు ఫొటోలకు బాగుంటాయి, అరగంట చాలు. సెయింట్ పాల్ చర్చి ముఖద్వారం మీది చెక్కడం చూడటానికి సాయంత్రపు వెలుగు మంచిది. నాగోవాలో పారాచూట్ ఎగరవేతలు, నీటి స్కూటర్లు ఉన్నాయి. మేము వాటి జోలికి పోలేదు. నేను అక్కడ చూస్తూ నిలబడిపోయింది హోకా చెట్లను. తాటిచెట్టు లాంటిదే, కానీ మాను మధ్యలో రెండుగా చీలి, ఆ రెండూ మళ్ళీ చెరి రెండై, ప్రతి కొమ్మ కొసనా ఒక తాటి తల. ఒంటిస్తంభంలా నిలబడే మన తాడిని చూసి పెరిగిన కళ్ళకు అది వింతే. పీచుగా, కొద్దిగా తియ్యగా ఉండే కాయలు దారిపక్కన అమ్ముతారు. రుచికి గొప్పవేం కావు, కానీ ఒకసారి కొరకాల్సిందే.

గంగేశ్వర్‌కు ఆటుపోట్ల వేళ తెలుసుకుని వెళ్ళాలని బెన్ చెప్పింది. పదకొండేళ్ళ క్రితం మేము వెళ్ళినప్పుడు నీళ్ళు వెనక్కి పోయి, తడి రాళ్ళ మధ్య లింగాలు మాత్రమే కనిపించాయి. పాండవులు ప్రతిష్ఠించారని చెప్పే ఆ ఐదు లింగాలు సముద్రపు ఒడ్డున రాతి నెర్రెలో ఉన్నాయి. ఈసారి పోటు మొదలయ్యే వేళకు చేరుకున్నాం. ఒక అల వచ్చి ఐదింటినీ ముంచి వెళ్ళింది. చేతిలోని బంతిపూలు పెట్టాను, రెండో లింగం దగ్గరికి వంగేలోపు మొదటిది ఖాళీ. గంటసేపు కూర్చున్నాం. తొందరపెట్టే బస్సు లేకపోవడం ఎంత భాగ్యమో అక్కడ తెలిసింది.

భోజనం సంగతి. ఊళ్ళో కాఠియావాడీ, అంటే సౌరాష్ట్ర వంటల, భోజనశాలలు బాగున్నాయి. సజ్జ రొట్టె, కాల్చిన వంకాయ కూర, మజ్జిగ, నూట యాభైకి కడుపు నిండుతుంది. పప్పులో బెల్లం వేస్తారు, వద్దంటే విడిగా చేసిపెట్టిన చోటూ ఉంది. చేపలు కావాలంటే ఉదయం ఘోఘ్లా వైపు బజారులో కొనుక్కొచ్చి వండించుకోవడం మేలు. హోటళ్ళలో చందువాలకు చెప్పే ధర బరువును బట్టి మారుతుంది, వండకముందే తూయించండి. స్కూటరు అద్దె రోజుకు నాలుగు వందలు, లైసెన్సు చూపించాలి. రోడ్లు ఖాళీగా, శుభ్రంగా ఉంటాయి. మావారు ఇరవై ఏళ్ళ తర్వాత స్కూటరు నడిపారు.

మూడో రోజు సాయంత్రం చక్రతీర్థ్ గుట్ట మీది ఖుక్రీ స్మారకానికి వెళ్ళాం. మాది విశాఖపట్నం. 1971 డిసెంబరులో నాకు ఎనిమిదేళ్ళు. కిటికీ అద్దాలకు నల్లకాగితాలు అంటించి, దీపం చిన్నది చేసి కూర్చున్న రాత్రులు గుర్తున్నాయి. మా తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిందని పెద్దవాళ్ళు సంబరంగా చెప్పుకోవడమూ గుర్తుంది. ఆ తర్వాత ఐదారు రోజులకే, డిసెంబరు 9 రాత్రి, ఈ డయ్యూ తీరానికి దూరంగా మన ఓడ ఖుక్రీని వాళ్ళ జలాంతర్గామి ముంచేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను వదలకుండా దానితోపాటే మునిగారు. అద్దాల గదిలో ఓడ నమూనా ఉంది, ఎదురుగా సముద్రం. ఇన్నేళ్ళూ ఆ యుద్ధం నాకు మా ఊరి గెలుపు కథ. ఆ గుట్ట మీద పొద్దు కుంకేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. డయ్యూలో మీకు ఒక్క సాయంత్రమే ఉంటే అది ఇక్కడ గడపండి.

తిరుగు ప్రయాణంలో వేరావల్‌లో రైలుకు నాలుగు గంటల వ్యవధి ఉంటే చేపలరేవుకు నడిచాం. ఒకదానికొకటి ఒరుసుకుంటూ వందల బోట్లు. టీ బడ్డీ దగ్గర మావారితో ఏదో అంటుంటే వెనక నుంచి “ఏ ఊరమ్మా మీది?” అని వినిపించింది. ముప్పై ఏళ్ళ అబ్బాయి, శ్రీకాకుళం జిల్లా, ఎచ్చెర్ల వైపు తీరం. ఆగస్టులో వచ్చి వేసవికి ఇల్లు చేరతాడట. అతనొక్కడే కాదు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎంతోమంది ఇక్కడి బోట్ల మీద పనిచేస్తారు. 2018లో సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుపోయిన జాలర్లు గుర్తున్నారా అని అడిగాను. ఇరవైమంది 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలై ఇళ్ళకు చేరిన వార్త నేను పేపర్లో చదివాను. “మా వీధిలోవాళ్ళే ఉన్నారమ్మా అందులో,” అన్నాడు.

“మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళడానికి భయం లేదా?” అన్నారు మావారు.

“మా ఊళ్ళో జెట్టీ ఉంటే ఇంతదూరం ఎందుకొస్తామండీ?”

టీ డబ్బులు మమ్మల్ని ఇవ్వనివ్వలేదు. మన మాట వినిపించిన రోజు తనే ఇస్తానన్నాడు. వాళ్ళ బోటు ఆ రాత్రికే బయలుదేరుతోంది, మళ్ళీ ఒడ్డు చూసేది పదిహేను రోజులకు. ఐసు దిమ్మలు దింపడానికి ఎవరో కేకేస్తే, గ్లాసు బల్లమీద పెట్టి పరుగెత్తాడు.